నెలలు నిండక పుట్టిన పాపకు ఏ ప్రశ్నావళి?

ప్రశ్న (అంగన్‌వాడీ టీచర్, హన్మకొండ): పాపకు 18 నెలలు, 8 వారాలు ముందే పుట్టింది. ఏఎస్‌క్యూ-3లో (పిల్లల ఎదుగుదల చూడనీకి తల్లిదండ్రులు నింపే ప్రశ్నావళి, వయసుకొక ఫారం ఉంటది) ఏ నెలలది ఇయ్యాలె? ఇంట్లో మెట్లు లేవని తల్లి ఒక ప్రశ్న వదిలేసింది.

జవాబు 1: 16 నెలలది ఇయ్యండి అక్కా. 3 వారాలు, అంతకన్నా ముందు పుడితే 24 నెలల దాకా వయసులకెల్లి ఆ వారాలు తీసెయ్యాలె. లేకుంటే మంచిగున్న పాప గూడ వెనకబడ్డట్టు కనిపిస్తది, తల్లి ఊకెనే భయపడ్తది.

జవాబు 2: వదిలేసినదానికి సున్నా వెయ్యొద్దు. ఒక్కో విభాగంలో 6 ప్రశ్నలు: అవును 10, అప్పుడప్పుడు 5, ఇంకా లేదు 0. ఐదింటికి 45 వస్తే సగటు 9, వదిలేసినదానికి ఆ 9 కలిపితే మొత్తం 54 అన్నట్టు. అయినా ముందుగాల బడి మెట్ల దగ్గర చెయ్యి పట్టి నడిపించి చూడమనండి, అదే నయం.

జవాబు 3: తల్లికి చదువు రాకపోతే చదివి వినిపించండి, జవాబు మాత్రం అందియ్యొద్దు. మార్కులు కటాఫ్ (ఆ వయసుకు పెట్టిన హద్దు) కింద పడితే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల సర్కారు పథకం) టీమ్‌తోని డీఈఐసీకి (ఎదుగుదల లోపాలను ముందే పట్టి చూసే జిల్లా కేంద్రం) పంపండి. మాటలు ఆలస్యమైతే చెవుల పరీక్ష మరవొద్దు.