నడుస్తున్న బిజినెస్ కొనాలనుకునేవాళ్లకి సొంత వెబ్‌సైట్ అవసరమా?

అందరికీ నమస్తే. కొత్తగా స్టార్ట్ చేసే ఓపిక లేదు, ఆల్రెడీ నడుస్తున్న చిన్న కంపెనీ ఏదైనా కొందామని చూస్తున్నా, ఓనర్ రిటైర్ అవుతూ అమ్ముకునే టైపువి. నేనొక్కడినే, కొంత సేవింగ్స్, మిగతాది లోన్.

డౌట్ ఏంటంటే నాలాంటోడికి ప్రొఫెషనల్ వెబ్‌సైట్ ఉంటే నిజంగా ఏమన్నా కలిసొస్తుందా? బ్రోకర్ దగ్గరికెళ్తే ముందు ఎన్‌డీఏ (కంపెనీ వివరాలు బయట చెప్పనని రాసిచ్చే ఒప్పందం) మీద సంతకం, ఆ తర్వాత డబ్బుకి ప్రూఫ్ అడుగుతారు, అక్కడ సైట్ ఎవడు చూస్తాడు అనిపిస్తుంది. కానీ అమ్మకానికి పెట్టని ఓనర్లకి నేనే డైరెక్ట్‌గా మెయిల్ కొడితే కథ వేరు, ఆయన ఫస్ట్ చేసేది నా పేరు గూగుల్‌లో కొట్టడమే కదా, ఏమీ రాకపోతే వీడెవడో టైంపాస్ గాడు, లేదంటే కాంపిటీటర్ పంపిన మనిషి, మన లెక్కలు లాగడానికి వచ్చాడు అనుకుని డిలీట్ కొట్టేస్తాడు.

నా ప్లాన్ అయితే ఒక్క పేజీ: నేనెవర్ని, ఇంతకుముందు ఏం పనిచేశా, ఏ సైజు బిజినెస్ కావాలి, కొన్నాక స్టాఫ్‌ని ఉంచుతానా లేదా, ఒక ఫోటో, సొంత డొమైన్ మెయిల్ ఐడీ. కొంతమంది ఒక్కడే ఉండి "మా టీమ్, మా ఇన్వెస్టర్లు" అని బిల్డప్ ఇస్తారు చూడండి, అది మాత్రం నావల్ల కాదు, ఫస్ట్ ఫోన్ కాల్‌లోనే దొరికిపోతాం.

బిజినెస్ కొన్నవాళ్లు, ముఖ్యంగా అమ్మినవాళ్లు ఉంటే చెప్పండి ప్లీజ్, కొనేవాడి సైట్ అసలు ఓపెన్ చేశారా? లింక్డ్‌ఇన్ ప్రొఫైల్ నీట్‌గా పెట్టుకుంటే సరిపోతుందా? ఇంకోటి, బడ్జెట్ ఎంతో సైట్‌లో రాసేయొచ్చా, రాస్తే రేపు బేరం దగ్గర దెబ్బ తింటామా?