వీపీఎన్ ఆన్ చేసి పెద్ద ఫైళ్లు దింపితే ఇంట్లో నెట్ పోతోంది: తప్పు వీపీఎన్‌దా, లైనుదా?

తెనాలి_ఎడిటర్
నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. ఫుటేజ్ హైదరాబాద్ స్టూడియోలో ఉంటుంది, వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (ఇంటి కంప్యూటర్‌ని స్టూడియో నెట్‌వర్క్‌తో రహస్యంగా కలిపే దారి) మీద ఇంటి నుంచే దింపుకుంటాను. ఒక్కో పెళ్లి 60 జీబీకి తగ్గదు. మాది లోకల్ ఆపరేటర్ ఫైబర్, 100 ఎంబీపీఎస్ ప్లాన్. డౌన్‌లోడ్ పెట్టిన పది పదిహేను నిమిషాలకు నెట్ పోతుంది. ఒక్కోసారి నా డౌన్‌లోడ్ ఒక్కటే సున్నా దగ్గర నిలబడిపోతుంది, ఒక్కోసారి మా పాప క్లాసుతో సహా ఇల్లంతా పోతుంది. మోడెం ఆపి వేస్తే వస్తుంది. ఆపరేటర్‌కి ఫోన్ చేస్తే "వీపీఎన్ తీసేయండి సార్" అంటాడు. ముహూర్తాల సీజను, రెండు పార్టీలకు మాటిచ్చాను. ఎవరైనా దారి చెప్పండి.

సాగర్_నెట్
ఇది ఎంటీయూ (ఒక ప్యాకెట్ ఎంత పెద్దగా ఉండొచ్చో చెప్పే అంకె) సమస్య అన్నా, ఇంకేం వెతకొద్దు. మామూలు ప్యాకెట్ 1500 బైట్లు. మీ ఆపరేటర్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చాడంటే అది పీపీపీఓఈ, అంటే రౌటర్ లాగిన్ అయి నెట్‌కి కలిసే పద్ధతి, అందులో 8 బైట్లు పోయి 1492 మిగులుతాయి. వైర్‌గార్డ్ పైన తొడిగే కవరు నెట్ చిరునామాల పాత పద్ధతి ఐపీవీ4 మీద 60 బైట్లు, కొత్తది ఐపీవీ6 మీద 80. వైర్‌గార్డ్ మామూలుగా పెట్టుకునేది 1420. దానికి 80 కలిపితే 1500, మీ లైనులో పట్టదు. చిన్న ప్యాకెట్లు పోతాయి, పెద్దవి దారిలోనే పడిపోతాయి. వైర్‌గార్డ్ సెట్టింగ్స్‌లో ఎంటీయూ 1412 పెట్టండి. నేను మూడు నెలలు దీంతో నలిగిపోయాను. ల్యాప్‌టాప్ రెండుసార్లు ఫార్మాట్ చేశాను. పని ఎగ్గొడుతున్నానని మా మేనేజర్ నలుగురిలో అన్నాడు. చివరికి ఆ ఒక్క అంకె మార్చాక సరిపోయింది.

ఒంగోలు_గిత్త
వీపీఎన్ మన దేశంలో నిషేధం కదా? 2022లో రూలొచ్చింది. అందుకే కట్ చేస్తున్నారేమో.

వనజ_కూకట్‌పల్లి
నిషేధం కాదండి. 2022 ఏప్రిల్‌లో కేంద్రం సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశం వీపీఎన్ అమ్మే కంపెనీలు కస్టమర్ల వివరాలు ఐదేళ్లు దాచాలని. అది ఒప్పుకోక కొన్ని కంపెనీలు ఇక్కడి సర్వర్లు ఎత్తేశాయి. ఆఫీసుల సొంత వీపీఎన్‌లకు వర్తించదని తర్వాత వివరణ కూడా ఇచ్చారు.

సాగర్ గారూ, ఎంటీయూ తప్పుంటే వీపీఎన్ లోపలి ట్రాఫిక్ ఆగుతుంది. పక్క గదిలో వీపీఎన్ లేని ట్యాబ్‌లో పాప క్లాసు ఎందుకు పోతుంది? ఎడిటర్ గారూ, మూడు చూసి చెప్పండి. నెట్ పోయినప్పుడు మోడెం మీద ఎర్ర లైటు వెలుగుతోందా? రౌటర్ లాగ్‌లో, అంటే అది టైముతో రాసుకునే చిట్టాలో, ఆ నిమిషానికి ఏముంది? వీపీఎన్ లేకుండా అంత పెద్ద ఫైలు ఎప్పుడైనా దింపారా?

చందు_డల్లాస్
మోడెం టీవీ షోకేసులో సెట్‌టాప్ బాక్సు మీద పెట్టారా బ్రదర్? ఓసారి చెయ్యి పెట్టి చూడండి.

సాగర్_నెట్
వనజ గారూ, ముందు 1412 పెట్టమనండి. తర్వాత మాట్లాడదాం.

తెనాలి_ఎడిటర్
షోకేసులోనే ఉంది, అద్దం తలుపు వెనక. చెయ్యి పెడితే నిలవనంత వేడి. బయటికి తీసి కిటికీ పక్కన పెట్టాను. చల్లబడింది గానీ నెట్ పోవడం ఆగలేదు.

నిన్న రాత్రి మోడెం ముందే కూర్చున్నాను. ఎర్ర లైటు రాలేదు. ఫైబర్ కలిసి ఉందని చూపే పాన్ లైటు పచ్చగా నిలకడగా ఉంది. పక్కనున్న ఇంటర్నెట్ లైటు ఒక్కటే ఆరిపోయింది. లాగ్‌లో 9:42కి పీపీపీఓఈ డిస్‌కనెక్ట్ అని ఉంది, దాని పైన ఎల్‌సీపీ ఎకో టైమౌట్ అని ఉంది.

వీపీఎన్ లేకుండా కూడా చూశాను. ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఫైలు 6 జీబీ దాకా ఉంటుంది, వెంట వెంటనే దింపాను. రెండు దిగాయి, మూడోది సగంలో ఉండగా ఇల్లంతా పోయింది. ఇన్నాళ్లూ వీపీఎన్ మీద తప్పు వేశాను.

వనజ_కూకట్‌పల్లి
ఎర్ర లైటు రాలేదంటే ఫైబర్ తెగలేదు. మీ రౌటరూ ఆపరేటర్ సర్వరూ కాసేపటికోసారి "ఉన్నావా" అని పలకరించుకుంటాయి, అదే ఎల్‌సీపీ ఎకో. లైను కిక్కిరిసి వరుసగా కొన్ని పలకరింపులకు జవాబు రాకపోతే అవతలివాడు పోయాడనుకుని కనెక్షన్ తెంచేస్తాయి. మీ దగ్గర జరుగుతున్నది అదేననిపిస్తోంది. డౌన్‌లోడ్‌ను 40 ఎంబీపీఎస్ దగ్గర బిగించి చూడండి. ఆగకుండా నడిస్తే జబ్బు లైనుదే.

"వీపీఎన్ తీసేయండి" అన్న మాట నేను రెండేళ్లు విన్నాను. కాల్ మధ్యలో పడిపోయిన ప్రతిసారీ మా టీమ్‌లో అందరి ముందూ క్షమాపణ చెప్పుకున్నాను. చివరికి తేలింది మోడెం అడాప్టర్ పాడైందని. అప్పటిదాకా ఒక్కరు వచ్చి చూడలేదు.

సాగర్_నెట్
అంటే నేను చెప్పింది తప్పంటారు. ఈ పని పదేళ్లుగా చేస్తున్నాను. వినే ఓపిక లేకపోతే అడగడం ఎందుకు?

వనజ_కూకట్‌పల్లి
మీరు ఆయన ఇంట్లో జరిగేది చూడటం లేదు, మీ ఇంట్లో జరిగిందే చూస్తున్నారు.

స్తంభం_మీద
ఇందాకటి నుంచి చదువుతున్నాను. నేనొక లోకల్ ఆపరేటర్ దగ్గర లైన్లు చూస్తాను. ఎడిటర్ గారి ఆపరేటర్ దగ్గర కాదు. "వచ్చి చూడలేదు" అంటున్నారు. మొన్న వానలో రాత్రి పదకొండింటికి స్తంభం ఎక్కి, దిగి, ఇంటికెళ్లి చూస్తే మోడెం ప్లగ్ ఊడి ఉంది. ఆ ఇంటాయన నన్నే తిట్టాడు.

సంగతి నేను చెబుతాను. మా దగ్గర ఉన్నది ఈపాన్, అంటే ఒక ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే పద్ధతి. ఒక పోర్టు మీద 1.25 జీబీపీఎస్, దాని మీద 64 ఇళ్లు. అందరికీ 100 ప్లానే. అందరూ ఒకేసారి లాగితే 6,400 ఎంబీపీఎస్ కావాలి. ఎక్కడి నుంచి వస్తుంది? పైనుంచి ఓనర్ కొనేది ఇంకా తక్కువ. అందరూ ఒకేసారి లాగరన్న లెక్క మీదే ఈ వ్యాపారం నడుస్తుంది. రాత్రి తొమ్మిదింటికి, వీధంతా సీరియళ్లూ మ్యాచ్‌లూ చూసే టైములో, ఒకరు 60 జీబీ లాగితే మిగతా ఇళ్ల ఫోన్లు నాకొస్తాయి. పక్కింటివాళ్ల గురించి కూడా ఆలోచించాలి కదండీ.

తెనాలి_ఎడిటర్
అన్నా, మీ కష్టం నాకు తెలుసు. నేనూ రాత్రిళ్లు పనిచేసేవాణ్ణే. కానీ నేను దొంగతనం చేస్తున్నట్టు మాట్లాడుతున్నారు. 100 అని చెప్పి 100కి డబ్బు తీసుకున్నారు. పక్కింటివాళ్ల వాటా నేను తినడం లేదు, ఆ వాటా అసలు కొననే లేదు మీ ఓనర్లు. 64 ఇళ్లని కనెక్షన్ ఇచ్చిన రోజే చెప్పి ఉంటే, రాత్రి తొమ్మిదికి డౌన్‌లోడ్ పెట్టేవాణ్ణే కాదు. నాకు కోపం స్పీడు తగ్గినందుకు కాదు. నాలుగు నెలలు నా వీపీఎన్‌దే తప్పని నమ్మించినందుకు. మా స్టూడియో వాళ్లతో గొడవపడ్డాను దీని వల్ల.

ఒంగోలు_గిత్త
కంప్లైంట్ పెట్టండి, వదలొద్దు.

చందు_డల్లాస్
కాగితం మీద 'అప్ టు 100' అని ఉంటుంది చూసుకోండి. బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కేంద్రం పెట్టిన కనీస వేగం 2 ఎంబీపీఎస్. అది కూడా 2023లో పెంచితే వచ్చింది, అంతకుముందు 512 కేబీపీఎస్. స్పీడు మీద పోరాడితే ఓడిపోతారు. కనెక్షన్ తెగిపోతోందని పెట్టండి, లాగ్ జతచేయండి.

స్తంభం_మీద
దొంగ అని నేను అనలేదు తమ్ముడూ. అలా వినపడితే నాదే తప్పు. "వీపీఎన్ తీసేయండి" అని మేం చెప్పేది ఎందుకో తెలుసా? "పోర్టు నిండిపోయింది" అని కస్టమర్‌కి చెప్తే మా ఉద్యోగం పోతుంది. పోర్టు విడగొట్టమని ఏడాదిగా మా ఓనర్‌కి చెప్తున్నాను. "కంప్లైంట్లు ఏవీ" అంటాడు. ఫోన్ చేసి తిట్టి పెట్టేస్తే అది కంప్లైంట్‌గా ఎక్కదు. టికెట్ నంబరు తీసుకోండి. లాగ్‌లో టైములు రాసి పంపండి. మీలాంటివి పది ఉంటే మీ దగ్గరి లైన్‌మన్ చేతికి ఓనర్‌తో మాట్లాడటానికి ఏదో ఒకటి ఉంటుంది.

వనజ_కూకట్‌పల్లి
ఈ మాట మొదటి రోజు నాకెవరైనా చెప్పి ఉంటే.

తెనాలి_ఎడిటర్
నాలుగు రోజుల సంగతి. 40 దగ్గర బిగించాక రాత్రి తొమ్మిదికి పెట్టినా ఇల్లు ఒక్కసారీ పోలేదు. 60 జీబీకి మూడు గంటల ఇరవై నిమిషాలు పట్టింది, పాప క్లాసు ఆగలేదు. మరుసటి రోజు బిగింపు తీసేసి తెల్లవారుజామున రెండింటికి పెట్టాను. ఇంట్లో నెట్ నిలబడింది, కానీ నా డౌన్‌లోడ్ మాత్రం సున్నా దగ్గర ఆగింది. చూస్తే ఆ పూట స్టూడియోకి ఐపీవీ6 మీద కలిసింది. సాగర్ అన్నా, మీరు చెప్పిన 1412 అప్పుడు పెట్టాను. ఆ వెంటనే కదిలింది, గంటన్నరలో మొత్తం దిగింది. ముందే వినాల్సింది.

టికెట్ వేశాను. తొమ్మిది టైములు రాసి పంపాను. మా లైనుకి వచ్చే కుర్రాడు నిన్న ఇంటికొచ్చి, ఆ కాగితం ఫోటో తీసుకుని వెళ్లాడు.

సాగర్_నెట్
స్టూడియో వైపు కూడా 1412 పెట్టించండి అన్నా. మీరు ఎడిట్ చేసిన ఫైలు తిరిగి పంపే యాప్ ఏదైనా వేరే కంప్యూటర్‌లో ఉంటే, అక్కడా మార్చాలి. వనజ గారూ, ఆ రోజు విసుక్కున్నందుకు ఏమనుకోకండి.