4 ఓమ్స్ స్పీకర్లకు ఏవీ రిసీవర్ మార్చాలా, పవర్ ఆంప్ కలపాలా?

గది 14×12 అడుగులు, 5.1 సెటప్. ఫ్రంట్ స్పీకర్లు 4 ఓమ్స్ (అంటే ఆంప్ నుంచి ఎక్కువ కరెంట్ లాగుతాయి), సెన్సిటివిటీ 85 డీబీ (అంటే అదే సౌండ్‌కి ఎక్కువ పవర్ కావాలి). వాల్యూమ్ -12 డీబీ దాటిస్తే ఇరవై నిమిషాల్లో రిసీవర్ ప్రొటెక్షన్‌లోకి (తనను తాను కాపాడుకునే మోడ్‌లోకి) వెళ్లి ఆగిపోతోంది. యాక్షన్ సీన్లలోనైతే ఇంకా ముందే. ఫ్రంట్ రెండూ తీసేసి, సెంటర్, సరౌండ్ మాత్రమే నడిపితే ఎంతసేపైనా ఆగట్లేదు.

వైర్ చివర్లు కొత్తగా ఒలిచి బిగించాను, పోగులు ఎక్కడా తగలట్లేదు. 16 గేజ్ తీసి 14 గేజ్ వేశాను. మల్టీమీటర్‌లో ఫ్రంట్ స్పీకర్ 3.4 ఓమ్స్ చూపిస్తోంది, అది మామూలే. సెట్టింగ్‌లో స్పీకర్లు 'స్మాల్', క్రాసోవర్ 80 హెర్ట్జ్ (అంతకంటే కింది బేస్ సబ్‌వూఫర్‌కే వెళ్తుంది). రిసీవర్ పైన ఆరంగుళాల ఖాళీ ఉంది. ఇంపెడెన్స్ సెట్టింగ్ 4 ఓమ్స్‌కి మారిస్తే ఆగడం తగ్గింది గానీ, వోల్టేజ్ పడిపోయి సౌండ్ చచ్చుబడిపోతోంది. అది పరిష్కారం కాదు.

ఈ రిసీవర్‌కి సబ్‌వూఫర్‌కి తప్ప ప్రీ-అవుట్లు (బయటి పవర్ ఆంప్‌కి సిగ్నల్ ఇచ్చే సాకెట్లు) లేవు. బాక్స్ మీది 140 వాట్స్ ఒక్క ఛానెల్‌కి, 6 ఓమ్స్‌లో, 10 శాతం డిస్టార్షన్‌తో కొలిచినది కాబట్టి ఆ అంకెలు చూసి ఇంకోటి కొనలేను.

బడ్జెట్ 60 వేలు. 8కే, గేమింగ్ అక్కర్లేదు. ఫ్రంట్ ప్రీ-అవుట్లున్న పాత రిసీవర్ సెకండ్‌హ్యాండ్‌లో తీసుకుని 2 ఛానెల్ పవర్ ఆంప్ కలపడం మేలా, లేక 4 ఓమ్స్ లోడ్ నిజంగా మోసే కొత్త రిసీవర్ ఈ ధరలో ఏదైనా ఉందా?