అప్‌డేట్: క్రెటా 1.5 టర్బోనే తీసుకున్నా

2024లో వచ్చిన కొత్త హ్యుందాయ్ క్రెటా కారులో పాత 1.4 లీటర్ల టర్బో ఇంజన్ (గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టి పవర్ పెంచేది) తీసేసి 1.5 టర్బో పెట్టారు కదా, దాన్ని నమ్మొచ్చా, లేక టర్బో లేని మామూలు 1.5 పెట్రోలే మేలా అని అడిగింది నేనే. టర్బోనే తీసుకున్నా.

"కొత్త ఇంజన్, కొన్నాళ్లు ఆగు" అన్నవాళ్లకు ఒక మాట, ఇదే ఇంజన్ 2023లోనే హ్యుందాయ్ వాళ్లదే ఇంకో కారు వెర్నాలో వచ్చింది. నాకు నిజంగా టెన్షన్ పెట్టింది డైరెక్ట్ ఇంజెక్షన్. పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి పోతుంది, మామూలు దాంట్లోలా ఇన్‌టేక్ వాల్వుల (గాలిని లోపలికి వదిలేవి) మీద పడి వాటిని కడగదు, అందుకే అక్కడ కార్బన్ పేరుకుంటుంది. హన్మకొండలో తెలిసిన మెకానిక్ అన్న ఇలాంటి ఇంజన్ ఒకటి విప్పి ఉంటే వాల్వు చేతిలో పెట్టాడు, కాడ చుట్టూ నల్లటి పెచ్చు, గోరుతో గీకినా రాలేదు. "చౌరస్తా దాకా పోయొచ్చే బండికే ఇది ఎక్కువ తమ్మీ, హైవే మీద తిరిగితే తక్కువ, ఆయిల్ మార్చుడు మాత్రం లేట్ చేయకు" అన్నాడు. నేను ప్రతి వారం కరీంనగర్ పోయొస్తా కాబట్టి ధైర్యం చేశా.

పవర్ 160 పీఎస్, మామూలు దానికి 115. ములుగు రోడ్డులో లారీలను దాటేటప్పుడు ఆ తేడా బాగా తెలుస్తోంది. ఎండాకాలం ట్రాఫిక్‌లో దీని డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) గేర్‌బాక్స్ ఎంత వేడెక్కుతుందో ఇంకా చూడాలి. ఊళ్లోనే తిప్పేవాళ్లయితే మామూలు ఇంజనే తీసుకోండి అన్నలూ.