సింగిల్ మోడ్ ఫైబర్‌లోకి లేజర్: 40 శాతం దగ్గర ఆగిపోతే ఎక్కడ వెతకాలి?

లేత_కిరణం

హీలియం-నియాన్ లేజర్, 632.8 నానోమీటర్లు. మూతి దగ్గర కొలిస్తే 2.0 మిల్లీవాట్లు, పుంజం వ్యాసం 0.8 మిల్లీమీటర్లు. తర్వాత రెండు వెండి పూత అద్దాలు, 11 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న ఆస్ఫెరిక్ లెన్స్. లేజర్ నుంచి లెన్స్ వరకు దారి మొత్తం 40 సెంటీమీటర్లు. ఫైబర్ సింగిల్ మోడ్ (వెలుతురు ఒకే ఆకారంలో ప్రయాణించే) రకం, దాని మోడ్ ఫీల్డ్ డయామీటర్ (లోపల వెలుతురు పరుచుకునే వ్యాసం) 4 మైక్రాన్లు, మీటరు ప్యాచ్‌కార్డ్, రెండు వైపులా ఎఫ్‌సీ/పీసీ (ముఖం వాలుగా లేని) కనెక్టర్లు. అవతలి చివర 0.80 మిల్లీవాట్లు వస్తోంది. అద్దాల నాబ్‌లు ఎటు తిప్పినా అది దాటట్లేదు. ట్యుటోరియల్స్ అన్నీ 70 శాతం పైనే వస్తుందంటున్నాయి. అలైన్‌మెంట్‌లో ఏం తప్పు చేస్తున్నట్టు?

మోడ్_లెక్కలు

అలైన్‌మెంట్ జోలికి పోకండి, ముందు లెక్క వేద్దాం. ఫైబర్ ముఖం మీద పడే చుక్క సైజు ఇలా వస్తుంది: 4 × తరంగదైర్ఘ్యం × ఫోకల్ లెంగ్త్ ÷ (3.14 × లెన్స్ దగ్గర పుంజం వ్యాసం). "లెన్స్ దగ్గర" అన్నది ముఖ్యం. 0.8 మిల్లీమీటర్ల పుంజం సుమారు 1 మిల్లీరేడియన్ చొప్పున విచ్చుకుంటుంది, అందుకే 40 సెంటీమీటర్లు వెళ్లేసరికి దాదాపు 0.9 అవుతుంది. మీటరు దూరంలో 1.3 దాకా పోతుంది. డేటాషీట్ అంకె లేజర్ మూతి దగ్గరిది మాత్రమే.

మీ 11 మిల్లీమీటర్ల లెన్స్‌తో చుక్క సుమారు 9.9 మైక్రాన్లు. ఫైబర్‌కి కావలసింది 4. ఈ నిష్పత్తి 2.46. రెండు గాసియన్ మోడ్‌లు (మధ్యలో ప్రకాశంగా, అంచులకి తగ్గే వెలుతురు ఆకారాలు) ఎంత కలుస్తాయో చెప్పే సూత్రం: (2 × నిష్పత్తి ÷ (1 + నిష్పత్తి వర్గం)), మొత్తం మీద వర్గం. అలా వేస్తే 49 శాతం. ఫైబర్ రెండు ముఖాల దగ్గరా గాజు నుంచి గాలికి ఒక్కోచోట 3.5 శాతం పోతుంది. వెండి అద్దాలు ఒక్కోటి 3 శాతం తింటాయి. అన్నీ గుణిస్తే 43 శాతం, అంటే 0.85 మిల్లీవాట్లు.

మీకు 0.80 వస్తోంది. అంటే మీ చేతి పని బాగుంది, లెన్స్ తప్పు.

లేత_కిరణం

అయితే ఏ లెన్స్ కొనాలి?

మోడ్_లెక్కలు

అదే సూత్రాన్ని తిరగేయండి. 3.14 × 0.9 × 4 మైక్రాన్లు ÷ (4 × 0.6328 మైక్రాన్లు) చేస్తే 4.5 మిల్లీమీటర్లు. ఆ ఫోకల్ లెంగ్త్‌లో ఆస్ఫెరిక్‌లు మామూలుగానే దొరుకుతాయి. కోటింగ్ మాత్రం మీ తరంగదైర్ఘ్యానికి సరిపోయేదే తీసుకోండి. 1550కి వేసిన కోటింగ్ ఎరుపు దగ్గర పనికిరాదు. ఇది పెడితే గరిష్ఠంగా 87 శాతం దాకా, అంటే 1.75 మిల్లీవాట్లు రావచ్చు. బెంచ్ మీద 70-80 వచ్చినా సంతోషించవచ్చు.

పాత_బెంచ్

లెన్స్ వచ్చేదాకా ఖాళీగా కూర్చోనక్కర్లేదు. ల్యాబ్‌లో 20ఎక్స్ మైక్రోస్కోప్ ఆబ్జెక్టివ్ ఉంటే పెట్టి చూడండి. 160 మిల్లీమీటర్ల ట్యూబ్ రకమైతే ఫోకల్ లెంగ్త్ 8. పై సూత్రం ప్రకారం 73 శాతం మ్యాచ్ అవుతుంది. లోపల చాలా గాజు ఉంటుంది కనుక కొంత తగ్గుతుంది, అయినా 11 మిల్లీమీటర్ల కంటే మేలే. 40ఎక్స్ అయితే ఫోకల్ లెంగ్త్ సరిపోతుంది గానీ, మామూలు 40ఎక్స్‌లకి ముందు గాజుకీ వస్తువుకీ మధ్య ఖాళీ మిల్లీమీటరు కూడా ఉండదు. ఫెరూల్ (కనెక్టర్‌లో ఫైబర్‌ని పట్టి ఉంచే చిన్న గొట్టం) వెళ్లి గుద్దుకుంటే రెండూ పోతాయి. అలవాటు లేనివాళ్లకి నేను సిఫార్సు చేయను.

ఇంకో మాట. 2.0 మిల్లీవాట్లు మూతి దగ్గర కొలిచామన్నారు. లెన్స్‌కి సరిగ్గా ముందు కొలిచి దానితో భాగిస్తేనే అసలు కప్లింగ్ (ఫైబర్‌లోకి వెళ్లే వంతు) తెలుస్తుంది. వెండికి బదులు మామూలు అల్యూమినియం అద్దాలుంటే రెండింటి దగ్గరే 20 శాతం దాకా పోతుంది, ఆ నింద ఫైబర్ మీద పడుతుంది. పవర్ మీటర్‌లో తరంగదైర్ఘ్యం 633కి పెట్టి, పుంజానికి అడ్డం పెట్టి సున్నా చేసుకోండి. సిలికాన్ డిటెక్టర్ స్పందన తరంగదైర్ఘ్యంతో మారుతుంది, వేరే సెట్టింగ్‌లో ఉంటే అంకె అబద్ధం చెబుతుంది.

లేత_కిరణం

4.5 మిల్లీమీటర్ల లెన్స్ వచ్చింది. ఇప్పుడు అసలు వెలుతురే దొరకట్లేదు! 11తో ఉన్నప్పుడు సులువుగా దొరికేది. మీటర్‌లో 2 మైక్రోవాట్లు చూపిస్తోంది, నాబ్ కాస్త కదిపితే అదీ పోతోంది.

నాబ్_డిగ్రీలు

లెన్స్ మారిస్తే ఫోకస్ స్థానం మారుతుంది, వెతకాల్సిన చుక్క కూడా చిన్నదైపోతుంది. అంకెల్లో చూడండి. అంగుళం అద్దాల మామూలు మౌంట్‌లో నాబ్ ఒక చుట్టు తిరిగితే అద్దం సుమారు 8 మిల్లీరేడియన్లు వంగుతుంది, పుంజం దానికి రెట్టింపు, 16 మిల్లీరేడియన్లు తిరుగుతుంది. 4.5 మిల్లీమీటర్ల లెన్స్ వెనక అది 72 మైక్రాన్ల జరుగుడు. అంటే నాబ్ 5 డిగ్రీలు తిరిగితే చుక్క ఒక మైక్రాన్ జరుగుతుంది, ఆ ఒక్క మైక్రాన్‌కే కప్లింగ్ 78 శాతానికి పడుతుంది. రెండు మైక్రాన్లయితే 37. నాబ్‌ని రెండు వేళ్లతో పట్టి తిప్పితే 5 డిగ్రీలు తెలియకుండానే దాటేస్తాం. షడ్భుజి తాళంచెవి పెట్టి దాని పొడవు చివర పట్టుకుని కదపండి. ఫోకస్ దిశలో కొంచెం దయ ఉంది. 20 మైక్రాన్లు తప్పినా 80 శాతం నిలబడుతుంది.

మొదటి వెలుతురు పట్టడానికి దగ్గరి దారి తిరుగు పుంజం. ఇంటర్నెట్ ఫైబర్ వేసే కుర్రాళ్ల చేతిలో ఉండే ఎర్ర లైట్ పెన్ను (650 నానోమీటర్లు) ఫైబర్ అవతలి చివర తగిలించండి. లెన్స్‌లోంచి ఎరుపు వెనక్కి లేజర్ వైపు వస్తుంది. ముందు లెన్స్‌ని ముందుకీ వెనక్కీ జరుపుతూ ఆ తిరుగు పుంజం వెళ్లేకొద్దీ సైజు మీ పుంజంతో పోలి ఉండేలా చూడండి, ఫోకస్ దాదాపు అక్కడే. తర్వాత చిన్న రంధ్రం ఉన్న కార్డు రెండు అద్దాల మధ్య పెట్టి లేజర్ పుంజాన్ని రంధ్రంలోంచి పోనివ్వండి. కార్డు వెనక వైపున పడే తిరుగు పుంజాన్ని లేజర్ పక్కనున్న మొదటి అద్దంతో కాదు, లెన్స్ పక్కనున్న రెండో అద్దంతో రంధ్రం మీదికి తేవాలి. ఆపైన కార్డుని లెన్స్‌కి ముందుకు మార్చి, అక్కడ రెండూ కలిసేలా మొదటి అద్దం తిప్పండి. రెండు చోట్లా మార్చి మార్చి నాలుగైదు సార్లు చేస్తే కలుస్తాయి. పెన్ను తీసి మీటర్ పెట్టగానే పదుల మైక్రోవాట్లయినా కనబడాలి.

ఈ పని చేసేటప్పుడు ఉంగరం, వాచీ తీసేయండి. ఫైబర్ చివరని, పెన్నునైనా, కంటికి ఎదురుగా పెట్టి చూడొద్దు.

పాత_బెంచ్

అక్కడి నుంచి పైకి ఎక్కించేది రెండు అద్దాల నడక. అడ్డ దిశ ఒక్కటే ముందు తీసుకోండి. ఇప్పటి గరిష్ఠం కాగితం మీద రాసుకోండి. మొదటి అద్దం అడ్డ నాబ్ తిప్పి పవర్‌ని మూడో వంతు పడగొట్టండి. రెండో అద్దం అడ్డ నాబ్‌తో తిరిగి గరిష్ఠానికి తెండి. కొత్త గరిష్ఠం పాతదాని కంటే ఎక్కువైతే అదే వైపు సాగండి, తక్కువైతే వెనక్కి. పెరగడం ఆగాక నిలువు దిశ, ఆ తర్వాత ఫోకస్, మళ్లీ అడ్డం. ఒక్కో నాబ్‌నీ విడిగా గరిష్ఠానికి తెచ్చి ఇక అయిపోయిందనుకోవడమే అందరూ చేసే తప్పు. లెన్స్ అంచుల్లోంచి వంకరగా వెళ్లే పుంజానికీ ఒక చిన్న శిఖరం ఉంటుంది, ఆ రెండు నాబ్‌లూ కలిసి కదిలితే తప్ప దాన్నుంచి దిగలేం.

క్లాడింగ్_కనుక్కో

ఆ 2 మైక్రోవాట్లు కోర్‌లోంచి (వెలుతురు వెళ్లాల్సిన నడిమి భాగం) వచ్చినవి కాకపోవచ్చు. మీటరు పొడవు ఫైబర్‌లో క్లాడింగ్‌లో (కోర్ చుట్టూ ఉండే గాజు పొర) దూరిన వెలుతురు కొంత అవతలికి చేరుతుంది. చీకటి చేసి ఫైబర్ చివరికి పది సెంటీమీటర్ల దూరంలో తెల్ల కాగితం పెట్టండి. కోర్ వెలుతురైతే ఒక్క గుండ్రటి చుక్క, మధ్యలో ప్రకాశంగా, అంచుల వైపు మెత్తగా తగ్గుతూ ఉంటుంది. ఫైబర్‌ని చేత్తో కదిపినా ఆకారం మారదు. ఉంగరంలా, గీకినట్టు మచ్చలుగా కనబడి కదిపితే మారుతుంటే అది క్లాడింగే. దాన్ని పెంచుకుంటూ పోతే తప్పుడు కొండ ఎక్కినట్టే.

ఇదే కారణంతో టెలికాం ఫైబర్‌ని 633కి వాడొద్దు. 1260 నానోమీటర్ల పైనే అది సింగిల్ మోడ్. ఎరుపులో అరడజను మోడ్‌లు దూరి చుక్క మచ్చలమయం అవుతుంది. పవర్ అంకె మాత్రం ఊరించేలా ఉంటుంది.

నాబ్_డిగ్రీలు

కనెక్టర్ ముఖం మర్చిపోకండి. 4 మైక్రాన్ల కోర్ మీద ఒక్క ధూళి కణం చాలు. బిగించే ముందు ప్రతిసారీ ఫైబర్ మైక్రోస్కోప్‌లో చూసి, మరక ఉంటే పొడి లింట్-ఫ్రీ తుడుపు మీద ఒకే దిశలో ఒక్కసారి లాగండి. పోకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడి, వెంటనే పొడి. వాడిన జాగాలో రెండోసారి తుడవొద్దు, ఊదొద్దు. నోటి తేమ ముఖం మీదే పడుతుంది.

ఒకవేళ ఏపీసీ ఫైబర్‌కి మారితే దాని ముఖం 8 డిగ్రీలు వాలుగా ఉంటుంది, వెలుతురు ఫెరూల్ అక్షానికి 3.7 డిగ్రీల పక్కకి బయటికొస్తుంది. నేరుగా ఉన్న మౌంట్‌లో పెట్టి ఎంత వెతికినా సగం దగ్గరే తిరుగుతారు. మౌంట్‌కి ఆ కోణం ఉండాలి.

లేత_కిరణం

తిరుగు పుంజంతో అరగంటలో దొరికింది. మొదట 0.31, నడిపించాక 1.46 మిల్లీవాట్లు. కాగితం మీద గుండ్రటి చుక్కే. లెన్స్ ముందు కొలిస్తే 1.88 వచ్చింది, అంటే 78 శాతం. కానీ ఏసీ కంప్రెసర్ ఆగి మొదలయ్యే లయలోనే 1.46కీ 1.35కీ మధ్య ఊగుతోంది. నాబ్‌ల లాక్ బిగిస్తే 1.2కి పడిపోతోంది.

పాత_బెంచ్

ఏసీ గాలి అద్దాల మౌంట్‌ల మీద నేరుగా పడుతోందేమో చూడండి. లెన్స్, ఫైబర్ ఒకే మౌంట్‌లో ఉన్నాయి కాబట్టి పుంజం కొద్దిగా పక్కకి జరిగినా పెద్ద నష్టం లేదు. కోణం మారితేనే చుక్క కోర్ నుంచి తప్పుకుంటుంది. 0.22 మిల్లీరేడియన్లకి ఒక మైక్రాన్. అద్దం సగమే కదిలితే చాలు. పుంజం దారి చుట్టూ అట్టపెట్టె మూత వేసి చూడండి. స్తంభాలు పొట్టిగా, లావుగా ఉంటే మంచిది, వాటిని బల్లకి పట్టే బోల్టులు కూడా చూసుకోండి. బల్ల ఎం6 రకమైతే పావు అంగుళం బోల్టు పక్కపక్కన పెడితే ఒకేలా కనబడుతుంది. బలవంతంగా తిప్పితే మర పోతుంది.

లాక్ సంగతి: మీటర్ చూస్తూ పావు బిగువు బిగించి, పడిన పవర్‌ని అదే నాబ్‌తో తిరిగి తెచ్చి, ఇంకో పావు. చివరి బిగువు దగ్గర నాబ్‌ని ఒక వేలితో ఆపి పట్టి లాక్‌ని తిప్పండి.

లేత_కిరణం

అలా చేశాక 1.43 దగ్గర నిలబడింది. అట్టపెట్టె మూత పెట్టాక ఊపు 0.02కి తగ్గింది.