టమాటా అడుగున నల్లమచ్చ: కాల్షియం లోపమా, నీటి లోపమా?

నారుమడి:
ఈ ప్రశ్న ఎప్పుడు వచ్చినా చర్చ పక్కదారి పడుతోంది. అందుకే సూటిగా రాస్తున్నాను. టమాటా కాయకు పువ్వు రాలిన చోట మొదట నీరు పట్టినట్టు మెత్తబడుతుంది, తర్వాత తోలులా గట్టిపడి నల్లబడుతుంది. ఇది పురుగూ కాదు, బూజు తెగులూ కాదు, కాల్షియం తక్కువై వచ్చేది. తక్కువైంది వేస్తే సరి. నేను రెండు పంటలుగా కాల్షియం నైట్రేట్ పిచికారి చేస్తున్నాను.

తొలకరి:
మచ్చ ఆగిందా మరి?

నారుమడి:
తగ్గింది. పూర్తిగా ఆగలేదు. మోతాదు చాలడం లేదు.

వేరుమూలం:
నారుమడి గారూ, కాయలో కాల్షియం తక్కువైందంటే ఒప్పుకుంటాను. నేలలో తక్కువైందంటే ఒప్పుకోను. ఈ రెంటినీ కలిపేయడం దగ్గరే చిక్కంతా ఉంది.

కాల్షియం నీటితో పాటు దారువు గొట్టాల్లో, అంటే వేరు నుంచి నీటిని మోసే సన్నని గొట్టాల్లో, పైకి ఎక్కుతుంది. ఎక్కడ నీరు ఎక్కువ ఆవిరైతే అక్కడికే ఎక్కువ పోతుంది. ఆకులు పగలంతా నీటిని వదులుతాయి. టమాటా తొక్కకు పత్రరంధ్రాలు ఉండవు కాబట్టి కాయ నుంచి ఆవిరయ్యేది చాలా తక్కువ. ఆకులోకి చేరిన కాల్షియం మళ్ళీ బయలుదేరి కాయకు రాదు, ఎందుకంటే చక్కెరలు ప్రయాణించే పోషక కణజాలంలో అది దాదాపు కదలదు. ఇక కాయలోనే చూడండి, తొడిమకు దూరమయ్యేకొద్దీ దారువు గొట్టాలు పలచబడతాయి. మచ్చ అడుగునే రావడానికి కారణం ఇదే.

పూత తర్వాత రెండు వారాల ప్రాంతంలో పిందె గబగబా ఉబ్బుతుంది. అప్పుడు నేల ఒకసారి బాగా ఆరినా చాలు, నేల నిండా కాల్షియం ఉన్నా కాయ అడుగుకు అందదు. మీరు ఆకు మీద కొట్టింది ఆకులోనే ఉండిపోతుంది.

నారుమడి:
పిచికారి ఆకు మీదే పడుతుందని ఎవరన్నారు? కాయ మీదా పడుతుంది. ఆపిల్‌లో కాల్షియం తక్కువై వచ్చే బిట్టర్ పిట్ గుంటలకు కాయల మీద కాల్షియం కొట్టడం లేదా? అక్కడ పనిచేసేది ఇక్కడ ఎందుకు చేయదో ముందు చెప్పండి.

పూతపిందె:
చెర్రీ రకాలకు ఈ మచ్చ రావడం అరుదు. పొడుగు కాయల రకాలకు ఎక్కువ. విత్తనం సంగతి ఎవరూ ఎత్తరేం?

వేరుమూలం:
ఆపిల్ సంగతి నిజమే, అక్కడ ఫలితం ఉంది. అయితే నేరుగా కాయ మీద పడేలా, కాయ పెరిగినంత కాలం పలుమార్లు కొడతారు. టమాటా పిందె ఆకుల చాటున ఉంటుంది, దాని తొక్క మీద మైనం పొర ఉంటుంది. మచ్చ మనకు కనబడేసరికి లోపల కణాలు చచ్చిపోయి ఉంటాయి. ఆ కాయ ఇక బాగుపడదు. మచ్చ మొదటి గుత్తుల్లో ఎక్కువగా వచ్చి, తర్వాత తనంతట తగ్గడం కూడా మామూలే. మందు కొట్టకుండా కొన్ని సాళ్ళు వదిలి చూశారా?

నారుమడి:
చేతిలో పంట పెట్టుకుని ప్రయోగాలు చేయమంటారా!

తొలకరి:
మా కుండీల్లో నీరు ఎప్పుడూ తప్పలేదు. ఎరువు నీళ్ళ ఈసీ (నీళ్ళలో కరిగిన ఉప్పుల కొలత) పెంచిన తర్వాత మచ్చ మొదలైంది. దీన్నేమంటారు?

వేరుమూలం:
ఉప్పు పెరిగితే తడి ఉన్నా వేరు నీటిని లాక్కోలేదు. మొక్కకు అది బెట్ట పెట్టినట్టే. అమ్మోనియం, పొటాషియం, మెగ్నీషియం ఎక్కువైనా వేరు దగ్గర కాల్షియంతో పోటీ పడతాయి. అందుకే నేను మళ్ళీ మళ్ళీ చెప్పేది ఒకటే, నీటి పద్ధతి సరిచేసుకోకుండా కాల్షియం సంచులు కొనడం దండగ.

నారుమడి:
చివరికి తప్పు రైతుదేనన్న మాట. అనండి. రెండేళ్ళ కింద పంట పోయినప్పుడు సలహా ఇవ్వడానికి వచ్చిన ఒకాయన గట్టు దిగలేదు, మట్టి చేత్తో ముట్టుకోలేదు. నిలబడ్డ చోట నుంచే "నీళ్ళు సరిగ్గా పెట్టలేదు" అనేసి పోయాడు. రోజూ తెల్లవారకముందే వెళ్ళి వేలు గుచ్చి తడి చూసే మనిషిని నేను. నాకు నీళ్ళు పెట్టడం రాదా? నేను నీరు తగ్గిస్తే తెలిసే తగ్గిస్తాను!

తొలకరి:
ఆగండి. తగ్గిస్తారా?

నారుమడి:
అవును. కింది గుత్తి రంగు తిరిగే వేళ తగ్గిస్తాను. కాయ చిన్నదైనా తీపి చిక్కగా ఉంటుంది. నీళ్ళు పోసి ఉబ్బించిన కాయలో ఏముంటుంది?

వేరుమూలం:
ఈ మాట మొదటే తెలిసి ఉంటే ఇంత దూరం వచ్చేవాళ్ళం కాదు. మిమ్మల్ని అజాగ్రత్త మనిషి అన్నట్టు నా రాతలో ధ్వనించింది. అది నా తప్పే, క్షమించండి.

మీ పద్ధతిలో నిజం ఉంది. కాయలోకి నీరు తక్కువ చేరితే చక్కెర చిక్కబడుతుంది. కానీ మీది ఆగకుండా పెరిగే రకమా? అయితే కింది గుత్తి పండే వేళకు పై గుత్తుల్లో పిందెలు ఉబ్బుతుంటాయి. కింది కాయ రుచి కోసం పెట్టిన బెట్ట పై పిందెకు తగులుతుంది. రాత్రి ఆకుల పని తగ్గినప్పుడు వేరు ఒత్తిడితో కాయకు కొంత కాల్షియం చేరాలి. సాయంత్రానికే నేల ఆరిపోతే ఆ అవకాశమూ పోతుంది.

నారుమడి:
ఆగకుండా పెరిగే రకమే. మచ్చ ఎక్కువగా నాలుగు, ఐదు గుత్తుల్లోనే.

పూతపిందె:
కొస తుంచేసి, పై గుత్తి పిందె దశ దాటాక నీరు తగ్గించండి. నేను అలాగే చేస్తాను.

నారుమడి:
అంతవరకు ఆగితే కింది కాయలు పలచబడతాయి. నాకు అవే ముఖ్యం. రుచి లేని కాయ పండించలేను.

వేరుమూలం:
నాకు పై గుత్తులు పోవడం కష్టంగా ఉంది. అక్కడ మీకూ నాకూ కుదరదు.

నారుమడి:
కుదరకపోతే పోనీ. ఈసారి నాలుగు సాళ్ళకు పిచికారి ఆపుతాను. బెట్ట మాత్రం మానను. ప్రతి గుత్తిలో మచ్చ కాయలు లెక్కపెట్టి ఇక్కడే రాస్తాను.

తొలకరి:
ఏ రోజు ఎంత తడి ఉందో కూడా రాయండి.