డిసెంట్లు, ఎక్సీడెన్సులు: ఈ బైజెక్షన్ (ఏదీ మిగలకుండా ఒకదానికొకటి జోడీ కట్టడం) మీకెలా అర్థమైంది?

పర్లాకిమిడి విద్యార్థి:
1 నుంచి 4 వరకు అంకెల ప్రస్తారాలు, అంటే వరస మార్చి రాసే తీరులు, 24 రాసి లెక్కపెట్టాను. ఎడమది కుడిదానికంటే పెద్దదైన చోటు డిసెంట్ కదా, అవి 0, 1, 2, 3 ఉన్నవి వరసగా 1, 11, 11, 1. తన స్థానం కంటే పెద్ద అంకె ఉన్న చోట్లు, అంటే ఎక్సీడెన్సులు లెక్కపెట్టినా అవే సంఖ్యలు. ఇండక్షన్‌తో రుజువు రాస్తే మార్కులు వచ్చాయి గానీ, ఎందుకు సమానమో మనసుకు ఎక్కలేదు.

బరంపురం అక్క:
తమ్ముడూ, నేను వంటింటి గచ్చు మీద సుద్దముక్కతో రాస్తేగానీ నాకూ ఎక్కలేదు. 3 2 4 1 తీసుకో. స్థానం నుంచి అక్కడున్న అంకెకి వెళ్తూ ఉంటే, 1 నుంచి 3కి, 3 నుంచి 4కి, 4 నుంచి 1కి వెళ్తుంది. 2 కదలదు. ఇలా తిరిగి మొదటికొచ్చే ప్రతి చుట్టునీ, అంటే సైకిల్‌నీ, దాని పెద్ద అంకెతో మొదలుపెట్టు: (4 1 3), (2). ఆ పెద్ద అంకెలు పెరిగే వరసలో పేర్చు: (2)(4 1 3). బ్రాకెట్లు చెరిపెయ్. 2 4 1 3 వచ్చింది, డిసెంట్ ఒక్కటే, 4 తర్వాత 1. మొదటిదాంట్లో తన స్థానం కంటే చిన్న అంకె ఉన్న చోటూ ఒక్కటే, 4వ స్థానం. సైకిల్ మారేచోట ఎప్పుడూ ఎక్కుడే, కాబట్టి అక్కడ కొత్త డిసెంట్ పుట్టదు.

పర్లాకిమిడి విద్యార్థి:
అక్కా, నేనడిగింది పెద్ద అంకెల చోట్లు కదా?

బరంపురం అక్క:
స్థానాన్నీ అంకెనీ అటూఇటూ మార్చు. 3 2 4 1 కాస్తా 4 2 1 3 అవుతుంది, చిన్నవి పెద్దవైపోతాయి.

రాయగడ లెక్చరర్:
ఇది గణిత శాస్త్రవేత్త ఫోటా గారి పద్ధతి. చెరిపిన బ్రాకెట్లు తిరిగి పెట్టగలగడమే ఇందులో ప్రాణం. ఎడమ నుంచి చదువుతూ, అంతవరకు రానంత పెద్ద అంకె వచ్చినప్పుడల్లా దాని ముందు బ్రాకెట్ తెరవాలి. నేను చదువుకునే రోజుల్లో సైకిళ్లను చిన్న అంకెల వరసలో పేర్చి, బోర్డు దగ్గర ఇరుక్కుపోయాను. (3 1)(2), (3 1 2) రెండూ 312 అయిపోయాయి. వెనక్కి దారి లేదు. బైజెక్షన్‌కి ఇచ్ఛాపురం స్నేహితుడు వాళ్ల ఇంటర్ పుస్తకంలోని మాట చెప్పాడు, ద్విగుణ ప్రమేయం. తిరిగి రాగలిగితేనే ఆ పేరు దానికి చెల్లుతుంది.

ఇన్వర్షన్లకూ (పెద్ద అంకె చిన్నదాని కంటే ముందున్న జతలు) మేజర్ ఇండెక్స్‌కూ (డిసెంట్లున్న స్థానాల మొత్తం) మధ్య ఇలాంటి జోడీనే ఫోటా 1968లో ఇచ్చారు. ఏ విలువ ఎన్ని ప్రస్తారాలకు వస్తుందన్నది రెండింటికీ ఒకటేనని మాక్‌మహోన్ అనే గణిత శాస్త్రవేత్త అంతకు ముందే చూపించారు. అది కొంచెం కష్టం, ముందు ఇది చేతికి రానివ్వు.

పర్లాకిమిడి విద్యార్థి:
సార్, రాత్రి కూర్చుని 24కీ చేశాను. 24 వేర్వేరుగా వచ్చాయి. ఒక్కొక్కదానికీ బ్రాకెట్లు తిరిగి పెట్టి, బయల్దేరిన దగ్గరికే వచ్చాను.